పొట్టసంచి లేని చేప

బొచ్చెకు పొట్టసంచి ఉండదట.
రవ్వకు లేదు, ఎర్రమోసుకూ లేదు.
గొంతు దాటితే పేగే,
మూర మీద మూర చుట్టుకున్న ఒట్టి పేగు.
అంకీసా దాటినంక ఈ సొసైటీ చెరువుల
పదమూడేండ్లుగా వెదురు గుంజలకు
తవుడు సంచులు కడుతున్న నాకు
నాగపూర్ నుంచొచ్చిన మేశ్రాం మేడం
టేకు పలక మీద కోసి చూపిస్తే గాని తెల్వలే.

"కడుపే లేనిదానికి ఆకలెక్కడ అయితది మేడం?"

నవ్వలేదామె.
మరాఠీ రెండు ముక్కలు, తెలుగు ఒకటి కలిపి,
రవ్వ తలకాయను బోర్లించి
కత్తెర కొనతో చూపింది:
మెదడు అడుగున
ఆవగింజంత ముద్ద.

తిను అనే మందొకటి, చాలు అనే మందొకటి
రెండూ ఆ చీకట్లనే ఊరుతయట.
పేగు నిండితే పేగు కబురంపుతది,
కొవ్వుంటే కొవ్వు చెప్తది,
నీళ్ళు సల్లవడితే నీళ్ళు చెప్తయి.
అందరి మాటా విని
ఆ ముద్ద
ఈ పూటకు చాలంటది.
అప్పుడు చేప సంచిని వదిలి మళ్ళిపోతది.

మబ్బు పట్టిన పొద్దున
సంచి సగం గూడ ఖాళీ గాకపోతే
తవుడు పుచ్చిందనుకుంటి.
చెక్కల కల్తీ అని సిరొంచ సేటును తిట్టి పెడితి.
నీళ్ళల్ల గాలి తక్కువైందని
చేపకు దాని తల చెప్పింది,
నాకెవరు చెప్పిన్రు?

మధ్యాహ్నం వలల ఒక జిలేబి పడ్డది.
నోరు ఇప్పితే నిండా గుడ్లు,
నానిన సెనగపప్పు లెక్క.
పిల్లలు పొదిగేదాక అది ఏమీ మింగదట.
తిను అనే మందును
తలకాయలనే మూసి పెడ్తదట.
మనమైతే ఉపాసమంటం.
దానికది ఉపాసం కాదు, ఆకలే కాదు.
మేడం దాన్ని కోయలేదు.
నోటుబుక్కుల రాయకుండ నీళ్ళల్ల ఇడిచిపెట్టింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి
అన్న ముందర కూసున్న.

సడవలన్న.
ఇటుకబట్టీ ట్రాక్టరు మీంచి పడ్డనాటి సంది
ఆయనకు నిండింది లేదు.
ఏడు రొట్టెలు, గంజెడు అన్నం,
చెయ్యి ఆరకముందే
"తిని ఎన్నాళ్ళాయెరా" అంటడు.
చంద్రపూర్ దవాఖానల డాక్టరు
ఫిల్మును వెలుగుకు పట్టి ఏదో చూపించిండు.
నేను బిల్లు దిక్కు చూసిన.
తిండిపోతని పేరు పెట్టింది నేనే.
పెండ్లిల్ల ఆఖరి పంక్తికి తోలింది నేనే.
రాజుబాయి అన్నం గంజుకు గొలుసు చుట్టి తాళమేస్తే
చెవి తీసి మొలతాడుకు కట్టుకున్నదీ నేనే.

కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయంటరు గాని
ఎలుకలు కడుపుల లేవు.
చాలు అనే ఆవగింజ
బట్టీ తొవ్వల రాయికి తగిలి పగిలింది.
నిండింది నిండిందని
పేగు ఎన్ని కబుర్లు పంపుతున్నదో పైకి,
అందుకునేటోడు ఇంట్ల లేడు.

నీ తప్పు కాదన్నా, అందామనుకున్న.
నా నోట్ల గుడ్లేం లేవు,
అయినా మాట బయటికి రాలే.
అన్న నా చెయ్యి అందుకొని వాసన చూసిండు.
"తవుడు" అన్నడు.
"ఇంకా ఉన్నదా?"

తాళం తీయలే.
తీస్తే తెల్లారేసరికి వాంతులు, షుగరు,
మళ్ళ చంద్రపూర్ బస్సు.
ఇంకో ముద్ద పెట్టిన.
తిన్నంతసేపు పక్కనే కూసున్న.
ముద్దలు లెక్కబెట్టలే.

పొద్దుగాల నడుము లోతు నీళ్ళల్ల
సంచులు కడుతుంటే
ఒక రవ్వ వచ్చి, సంచికి మూతి ఆనించి,
రెండు గుక్కలు గుంజి
కొంచెం ఆగి
వెనక్కి మళ్ళింది.

ఎంత సులువుగ మళ్ళిందో.